38 ఏళ్లకు డిగ్రీ: ఫీజు ఈఎమ్‌ఐలో కట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. ఖమ్మంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్‌లో చేస్తున్నాను. జీతం 32,000. మావారు పోయి ఆరేళ్లయింది. పాప ఎనిమిదో తరగతి. నా చదువు తెలుగు మీడియం ఇంటర్‌తో ఆగిపోయింది. ఆన్‌లైన్ బీకాం గురించి ఓ యూనివర్సిటీ కౌన్సిలర్‌ను అడిగితే మూడేళ్లకు 1,40,000 అన్నారు. నెలకు 5,833 చొప్పున 24 నెలలు ‘నో కాస్ట్ ఈఎమ్‌ఐ’ (వడ్డీ లేని వాయిదా) కట్టాలట, ట్యాక్స్ కూడా కలిసొస్తుందట. 1,80,000 ఎఫ్‌డీ, నాలుగు తులాల బంగారం, నెలకు 3,000 చీటీ ఉన్నాయి. చీటీ కూడా పోను నెలకు 3,500 మిగులుతుంది. చేరమంటారా?

జవాబు: చదువులో చేరండమ్మా. ఆ ఈఎమ్‌ఐ జోలికి మాత్రం వెళ్లకండి.

మిగిలేది 3,500, కట్టాల్సింది 5,833. అంటే నెలనెలా 2,333 చేబదులు వెతుక్కోవాలి. పైగా ఇలాంటివి చాలావరకు ఫీజును వాయిదాల్లో కట్టడం కాదు. ఫైనాన్స్ కంపెనీ మీ పేరిట అప్పు రాసి, డబ్బు ముందే కోర్సువాళ్లకిచ్చేస్తుంది. పాపకు జ్వరమొచ్చో, డ్యూటీలు మారో మీరు మధ్యలో మానేసినా వాయిదా ఆగదు. నా దగ్గరికొచ్చిన ఒకావిడ ‘అప్లికేషన్ కోసం’ అంటే ఓటీపీ చెప్పేసింది. కాసేపటికి ‘మీ లోన్ మంజూరైంది’ అని మెసేజ్. తను లోన్ అడిగిన సంగతి ఆమెకే తెలియదు!

ట్యాక్స్ మాటకొస్తే, విద్యారుణం వడ్డీకి మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానంలోనే. మీ ఏడాది జీతం 3,84,000. పాత విధానంలో చూసినా, కొత్త విధానంలో చూసినా మీకు పన్నే పడదు. లేని పన్నులో ఏం కలిసొస్తుంది?

అసలు లక్షన్నర పెట్టాల్సిన పనే లేదు. హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి మీలాంటివాళ్ల కోసమే నడుస్తోంది. అక్కడ తెలుగు మీడియం ఉంది. ఇంగ్లిష్‌తో ఇబ్బంది లేదనుకుంటే ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) చూడండి. దూరవిద్య ఫీజు రెండుచోట్లా ఏడాదికి వేలల్లోనే ఉంటుంది, ఏ ఏడుకాఏడు కట్టుకోవచ్చు. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలోపు పూర్తిచేయొచ్చు. ఒంటిచేత్తో ఇల్లు నడిపేవాళ్లకు ఈ వెసులుబాటు పెద్దది. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమేనని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2022లోనే చెప్పింది, ఆ టెన్షన్ వద్దు.

నేను ఎక్కువగా ఆలోచించింది పాప గురించి. ఈ ఏడాది చేరితే, మీ ఫైనలియర్, తన పదో తరగతి ఒకేసారి వస్తాయి. ఆ వెంటనే ఇంటర్ కాలేజీ అడ్మిషన్. అసలు పెద్ద ఖర్చు అదీ, మీ బీకాం కాదు. కాబట్టి చీటీ ఇప్పుడే పాడుకోకండి. తొందరపడి పాడితే చేతికొచ్చేది బాగా తగ్గిపోతుంది. చివరిదాకా ఉంచి, వచ్చిన మొత్తాన్ని పాప పేరు చెప్పి పక్కన పెట్టండి.

మిగిలే 3,500లో 2,000 ఆర్‌డీ (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేయండి, ఏడాదికి 24,000. మీ ఫీజు, పరీక్ష ఫీజు, నెట్ అందులోంచే. మొదటి ఏడాది ఫీజు వరకు ఎఫ్‌డీలోంచి తీసుకోండి. అందులో 90,000 మాత్రం కదపొద్దు, చీటీతో కలిపి దాదాపు మూడు నెలల ఖర్చు అది. బంగారం బీరువాలోనే ఉండనీయండి. కొత్త ల్యాప్‌టాప్ కూడా ఇప్పుడే వద్దు. వీడియో పాఠాలకు ఫోన్ చాలు.

ఫీజు కంటే ముందు బ్యాంకుకు వెళ్లి ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి, సురక్షా బీమాలు తీసుకోండి. ఏడాదికి 436, 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో పోయినా, రెండోది ప్రమాదంలో పోతే, చెరో రెండు లక్షలు. నామినీగా పాప పేరు రాస్తే తను మైనర్ కాబట్టి గార్డియన్ పేరు కూడా అడుగుతారు. ఎవరిని రాయాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్లండి. జీతం పెరిగాక పెద్ద టర్మ్ పాలసీ చూద్దాం.

మీ హెచ్‌ఆర్‌ను కూడా ఒకమాట అడగండి: సూపర్‌వైజర్ పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుందా, బీకామే కావాలా? ఆ జవాబు తెలిశాకే కోర్సు ఖాయం చేసుకోండి.

ఇక ఆ కౌన్సిలర్ మళ్లీ ఫోన్ చేస్తే, ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు ఈ సెషన్‌లో యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఉన్నట్టు కాగితం వాట్సాప్‌లో పంపమనండి. పంపినా సరే, ఓటీపీ మాత్రం చెప్పకండి.