అల్లుడూ, నీ కథలో ఖైదీ గురించి

ఒరేయ్ చిన్నల్లుడూ,

నువ్వు పంపిన కథ చదివానురా. ఫోన్లో మొదలుపెడితే కళ్ళు లాగేసి సగంలో ఆపేసా, నిన్న మీ అత్త పక్కింటి కుర్రాడి చేత ప్రింట్ తీయించి తెచ్చింది, పొద్దున్నే కాఫీ పట్టుకుని అరుగు మీద కూర్చుని ఏకబిగిన చదివేసా. ఎక్కడో గ్రహం నుంచి వచ్చిన యంత్రాల్లాంటి జీవులు ఒకణ్ణి పట్టుకుపోయి గదిలో పడేసి చావనివ్వకుండా ఉంచుతాయి, ఐడియా బానే ఉంది. బాగుంది బాగుంది అని రాస్తే నీకు ఒరిగేదేం లేదు కాబట్టి బాగోలేనిదే రాస్తున్నా, మొహం ముడుచుకోకు. నేను జన్మలో ఒక్క కథ రాసినోణ్ణి కాదు. కానీ నీ కథలో ఉన్న రెండు పక్షాల్లోనూ పనిచేసినోణ్ణి. 26 ఏళ్ళు తణుకు దగ్గర లేయర్ ఫారంలో, అంటే గుడ్ల కోళ్ళ ఫారంలో, సూపర్‌వైజరు, 2021 మే నెలలో 17 రోజులు ఐసీయూలో బెడ్ నంబర్ తొమ్మిది. ఈ రెండూ చాలు నీకు చెప్పడానికి.

ముందు ఆ నవ్వులు తీసెయ్యి. నీ జీవులు ఎర్ర కళ్ళేసుకుని వికటంగా నవ్వుతాయి, "మానవా, నీ ఆయువు మా చేతిలో ఉంది" అని డైలాగులు చెప్తాయి, అవేమన్నా సురభి నాటకంలో రాక్షసులా. యంత్రంలా ఉన్నవాటికి ఉపన్యాసం ఎందుకురా, ఎవరికి చెప్పాలని? నేను అన్నేళ్ళలో ఒక్క కోడితో కూడా "నిన్ను ఇందుకు పెంచుతున్నా" అని చెప్పలేదు. వాటి మీద నాకు కోపం లేదు, పగ లేదు, చెప్పాలంటే మీ అత్త కంటే వాటి ఒంటి సంగతే నాకు ఎక్కువ తెలుసు. ఒక్కో పిట్టకి రోజుకి 110 గ్రాముల మేత లెక్క, దాంట్లో మొక్కజొన్న ఎంత సోయా ఎంత గుల్ల ఎంత, నీళ్ళ నిపుల్ ఏది కారుతోంది ఏది మూసుకుపోయింది, రెట్ట పల్చగా వస్తోందా గట్టిగా వస్తోందా, అన్నీ చూసుకునేవాణ్ణి. మే నెల వడగాడ్పుల్లో షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టి తడిపి, రేకుల మీద స్ప్రింక్లర్లు పెట్టి, నీళ్ళలో గ్లూకోజు కలిపి, రాత్రి ఒంటిగంట దాకా లుంగీ ఎగ్గట్టి తిరిగేవాణ్ణి, ఒక్కటి కూడా పోకూడదని. అయినా పోయేవి. పొద్దున్నే రిజిస్టర్లో ఈరోజు మోర్టాలిటీ 11 అని రాసి టీ తాగడానికి వెళ్ళేవాణ్ణి.

ఆ టీ తాగడం రాయి నువ్వు. దయలేనితనం అంటే అదేరా, ఎర్ర కళ్ళు కాదు. ఎంతో శ్రద్ధ ఉంటుంది, ఆ శ్రద్ధలో ఆ పిట్ట మాత్రం ఉండదు.

ఇంకోటి గమనించు. లేయర్ బోనుకి కింద వల ముందుకి వాలుగా ఉంటుంది, గుడ్డు పెట్టగానే దొర్లుకుంటా బయట గాడిలోకి వచ్చేస్తుంది, పెట్టిన కోడి వెనక్కి తిరిగేసరికి అక్కడేం ఉండదు. తనని ఎందుకు ఉంచారో దానికి ఎప్పటికీ తెలీదు. నీ కథలో నాలుగో పేజీలోనే ఆ జీవి వచ్చి మీ రక్తంలో ఫలానాది మాకు కావాలి అని మొత్తం చెప్పేసింది, అక్కడితో నా భయం పోయింది, కాఫీ చల్లారింది కూడా చూసుకున్నా. కారణం తెలిస్తే మనిషి బేరం పెట్టగలడు, తెలీనోడు ఏం పెడతాడు? నీకు మాత్రం తెలిసుండాలి, వాడికి చెప్పకు, వాడి వెనకాల ఏదో దొర్లి వెళ్ళిపోతున్న చప్పుడు మాత్రం వినిపించు.

ఇప్పుడు ఖైదీ సంగతి. వాడు మూడు పేజీలు అరుస్తూనే ఉన్నాడు. నిజంగా భయపడ్డవాడు అంతసేపు అరవడురా. ఫారంలో ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు పండగ చొక్కా అని ఎర్రచొక్కా ఏసుకుని షెడ్డులోకి వెళ్ళాడు, రోజూ చూసే ఖాకీ రంగు కాదు కదా, నాలుగు వేల పిట్టలు ఒక్కసారి రెక్కలు కొట్టుకున్నాయి, వాన కురిసినట్టు మోత, తర్వాత ఒక్కసారిగా మొత్తం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అన్నీ మెడలు సాచి బిగుసుకుపోయి ఉన్నాయి. మర్నాడు గుడ్లు తగ్గాయి. అరుపు ఒక పేరా పెట్టు, ఆ బిగుసుకుపోవడం మూడు పేజీలు రాయి.

నాకు ఇది చదివితే తెలిసింది కాదు. కరోనా రెండో వేవ్‌లో ఊపిరాడక చేర్చారు కదా, నోట్లోంచి గొట్టం దింపి వెంటిలేటర్ మీద 11 రోజులు ఉంచారు. మత్తు కాస్త తగ్గించినప్పుడు కళ్ళు తెరిస్తే నాకు కనపడింది ఆస్పత్రి కాదు. తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగులు, మొహాలు లేవు, కళ్ళ దగ్గర ఆవిరి పట్టిన అద్దం, మాట్లాడితే లోపల్నించి బుర్రుమని శబ్దం. చేతులు రెండూ మంచం కమ్మీకి గాజుగుడ్డతో కట్టేసున్నాయి, గొట్టం పీక్కోకుండా కడతారని నాకెలా తెలుస్తుంది. నన్ను ఎవరో ఎత్తుకొచ్చారు, ఇది భూమి మీద చోటు కాదు, నాలోంచి ఏదో తీస్తున్నారు, ఇదే నమ్మా. ఏదో అనుమానం లాంటిది కాదురా, నువ్వు నా అల్లుడివని ఎంత నమ్ముతానో అంత నమ్మా. దాన్ని డెలీరియం అంటారంట, వెంటిలేటర్ మీద ఉన్నోళ్ళలో చాలామందికి వస్తుందంట, తర్వాత డాక్టరు గారు చెప్పారు. కిడ్నాప్ చేశారనీ విషం ఎక్కిస్తున్నారనీ అనుకునేవాళ్ళు ఎంతోమంది ఉన్నారంట.

అక్కడ లైటు ఎప్పుడూ ఆరేది కాదు. ఫారంలో గుడ్లు బాగా పెట్టాలని పగటి వెలుతురూ బల్బులూ కలిపి 16 గంటల వెలుగు ఇచ్చేవాళ్ళం, పొద్దున్న నాలుగింటికే స్విచ్ ఏసేది నేనే. ఆ మంచం మీద అది గుర్తొచ్చిందని చెప్తే కథలా ఉంటుంది కానీ రాలేదు, ఇంటికొచ్చాక నెలకి వచ్చింది.

అలా పడున్న నీ ఖైదీ బుర్ర ఏం చేస్తూ ఉంటుందో చెప్తా రాసుకో. లెక్కలు కడుతుంది. రూల్సు వెతుకుతుంది. నా తల పక్కన ఒక మిషను మూడుసార్లు కూసేది, కూసిన కాసేపటికి ఒక తెల్ల తొడుగు వచ్చేది, గొంతులోకి సన్న పైపు దింపి జర్రుమని లాగేది, ప్రాణం పోయి వచ్చేది. కాబట్టి ఆ కూత అంటే నాకు శిక్ష వేస్తున్నారనుకున్నా, కూతకి ముందు నేనేం తప్పు చేశానా అని వెతుక్కునేవాణ్ణి. కళ్ళు ఎడమకి తిప్పినందుకేమో అని ఒక పూటంతా ఎడమకి చూడలేదు. నవ్వకు. తర్వాత వేలికి పెట్టిన క్లిప్పు మంచానికి రాసి ఊడగొడితే అలారం మోగి వాళ్ళు పరిగెత్తుకొస్తారని కనిపెట్టా. కనిపెట్టినప్పుడు ఎంత సంబరం అనుకున్నావ్, మొదటిసారి నేను అనుకున్నట్టు ఒకటి జరిగింది. నాలుగైదు సార్లు ఊడగొట్టా, వాళ్ళు టేపు చుట్టేశారు. నీ ఖైదీకి కూడా అలాంటిది ఒకటి ఇవ్వు, చిన్నది, తలుపు పగలగొట్టేంత పెద్దది వద్దు. ఇచ్చి, తర్వాత టేపు చుట్టు.

కోతుల సంగతి తెలుసా నీకు? కోతులంటే చింపాంజీలు. 1961 జనవరి 31న అమెరికా వాళ్ళు హామ్ అనే చింపాంజీని రాకెట్లో పంపారు, పదహారున్నర నిమిషాలు. నీలం లైటు వెలిగిన ఐదు సెకన్లలో లీవర్, అంటే మీట, నొక్కాలి, నొక్కకపోతే అరికాలికి కరెంటు షాకు, శిక్షణలో సరిగా నొక్కితే అరటిపండు బిళ్ళ. అక్కడ రాక్షసులెవరూ లేరు, అందరూ డిగ్రీలు చదివిన పెద్దమనుషులే. వెళ్ళేటప్పుడు దానికి కాగితాల మీద పేరు కూడా లేదు, 65 అనేవాళ్ళు, చచ్చిపోతే పేపర్లలో పేరుతో పడితే బాగోదని తిరిగొచ్చాకే హామ్ అన్నారు. దిగాక పళ్ళు బయటపెట్టి ఉన్న ఫోటో ఒకటుంది, జనం నవ్వుతోంది అనుకున్నారు, చింపాంజీల మధ్య ఏళ్ళకేళ్ళు గడిపిన జేన్ గుడాల్ గారు చూసి అది నవ్వు కాదు, విపరీతమైన భయం అన్నారు. ఫోటోల కోసం మళ్ళీ ఆ సీట్లో కూర్చోబెట్టబోతే కూర్చోలేదంట.

అదే ఏడాది నవంబర్ 29న ఇనోస్ అని ఇంకోదాన్ని పంపారు, అది భూమి చుట్టూ రెండు చుట్లు తిరిగింది. పైకెళ్ళాక లీవర్ ఏదో చెడింది, సరిగ్గా నొక్కినా షాకే కొట్టింది. అయినా అది నేర్పిన వరసలోనే నొక్కుకుంటా పోయింది. అల్లుడూ, నీ కథ మొత్తంలో ఈ ఒక్క ముక్కంత భయంకరమైంది లేదు. తప్పు చేస్తే కొట్టేవాడికి లొంగి బతకొచ్చు, మిషను చెడి కొడుతుంటే ఎలా బతకాలి, కొట్టేవాళ్ళకే తెలీదు చెడిందని. మీ జీవులని అంత తెలివైనవాళ్ళుగా రాశావు కదా, వాటి సామాను కూడా ఎక్కడో ఒకచోట పాడవనీ.

పేరు సంగతి వచ్చింది కాబట్టి, నీ వాడికి మొదటి లైన్లోనే పేరు, ఊరు, ఇంజనీరింగ్ చదివాడు, లవ్ ఫెయిల్యూర్ అని అంతా పెట్టేశావు. ఆగరా బాబూ. నేను అక్కడ తొమ్మిదిని. "తొమ్మిదికి సక్షన్ పెట్టారా, తొమ్మిదికి ఫీడ్ అయ్యిందా" అనేవాళ్ళు, ముక్కు గొట్టంలోంచి జావలాంటిది పోసేవాళ్ళు, అది పోయిందో లేదో చార్టులో రాసుకుని పోయేవాళ్ళు. మూడో రోజుకో నాలుగో రోజుకో తొమ్మిది అంటే నేనే తల తిప్పేవాణ్ణి. నీ ఖైదీకి నంబరు అలవాటయ్యే క్షణం ఒకటి పెట్టు, ఏడిపించకుండా ఊరికే పెట్టు.

ఆ తెల్ల తొడుగుల మీద ఛాతీ దగ్గర మార్కర్‌తో ఏవో గీతలు ఉండేవి, నేను వాటిని మోడల్ నంబర్లు అనుకున్నా. ఎన్నిసార్లు చూశానో, ఒకరోజు అవి గీతల్లోంచి తెలుగు అక్షరాలైపోయాయి, ఒక ఆడపిల్ల పేరు. ఏ తొడుగులో ఎవరున్నారో ఒకళ్ళకొకళ్ళకి తెలియాలని పేర్లు రాసుకునేవాళ్ళంట. ఆ రోజు నుంచి మెల్లగా అది ఆస్పత్రి అవడం మొదలైంది, ఒకేసారి కాదు, పొద్దున్న ఆస్పత్రి, సాయంత్రం మళ్ళీ ఇంకో గ్రహం. నీ వాడు నిజంగానే ఇంకో గ్రహంలో ఉన్నాడు కాబట్టి వాడికి అక్షరాలు కనపడవు, కానీ వెతకడం మాత్రం మానడు కదా, గోడ మీద ప్రతి గీతలోనూ వెతుకుతాడు, అది రాయి.

చివర్లో వాడు గొట్టాలన్నీ తెంపుకుని పరిగెత్తడం నాకు నచ్చలేదు. పదకొండు రోజులు పడుకున్న నాకు కూర్చోబెడితే మెడ నిలవలేదు, ఇద్దరు పట్టుకుంటే గాని కాలు కింద పెట్టలేకపోయా, చెంచా ఎత్తితే చెయ్యి వణికింది. మీవాడు రెండేళ్ళు పడుకుని లేచి కిలోమీటరు పరిగెత్తాడు. కండలు అరిగిపోతాయిరా, కావాలంటే మీ అత్తనడుగు, నన్ను బాత్రూంకి మోసింది ఆవిడే.

బతికించి ఉంచడానికి ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసుకో: నీళ్ళెన్ని, ఉప్పెంత, మలమూత్రాలు ఎటు పోతాయి, వీపు పుండు పడకుండా ఎవరు తిప్పుతారు. వీటిలో ఒకటి ఆ జీవులు తప్పుగా అర్థం చేసుకున్నాయని పెట్టు. చీకటి కూడా మనిషికి అవసరమని వాటికి తెలీకపోవచ్చు, మాకు తెలిసే తగ్గించాం కోళ్ళకి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా, మీ అత్త భోజనానికి పిలుస్తోంది. గొట్టం ఉన్నన్నాళ్ళు నోరు ఎండి పెదాలు చెక్కలైపోయేవి. రాత్రో పగలో తెలీదు, ఒక తొడుగు వచ్చి తడి దూదితో పెదాలూ నాలుకా తుడిచింది, అయిపోయాక వెళ్ళకుండా ఇంకోసారి ముంచి తెచ్చి మళ్ళీ తుడిచింది. మొదటిది డ్యూటీ అని తర్వాత తెలిసింది, నోరు శుభ్రం చెయ్యడం వాళ్ళ లిస్టులో ఉంటుందంట. రెండోది కూడా లిస్టులో ఉందా అని డిశ్చార్జి రోజు అడుగుదామనుకున్నా, గొంతు ఇంకా రాలేదు, అడగలేదు. నీ కథలో ఒక జీవి చేత అలాంటి పని ఒకటి చేయించు, ఎందుకు చేసిందో నువ్వు కూడా తేల్చకు.

రెండో డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపకు, అక్షరాలు పెద్దవి చేసి ప్రింట్ పోస్ట్‌లో పంపు.

మీ మావయ్య