కేబుల్ నెట్‌వర్క్‌లో ఏ పోర్టుకి ఏ పరికరం ఉందో, పనికి అడ్డం రాకుండా త్వరగా కనుక్కోవడం ఎలా?

కేబుల్ పీకి "ఎవరికి నెట్ పోయింది?" అని అరవక్కర్లేదు. మేనేజ్డ్ స్విచ్ (లోపలికి లాగిన్ అయి వివరాలు చూడగలిగే స్విచ్) ఉంటే జవాబు చాలావరకు అందులోనే ఉంటుంది.

ముందు దాని మ్యాక్ అడ్రస్ టేబుల్ చూడండి. మ్యాక్ అంటే పరికరం నెట్‌వర్క్ కార్డుకి ఉండే హార్డ్‌వేర్ చిరునామా. ఏ ఫ్రేమ్ (డేటా ముక్క) వచ్చినా, పంపిన పరికరం మ్యాక్‌నూ అది వచ్చిన పోర్టునూ స్విచ్ తనంతట తానే రాసుకుంటుంది. మనం చదువుకుంటామంతే, ఆ పరికరాల జోలికే వెళ్లం. ఆ మ్యాక్‌ని రౌటర్‌లోని ఏఆర్‌పీ టేబుల్‌తో (ఏ ఐపీకి ఏ మ్యాకో చెప్పే జాబితా), డీహెచ్‌సీపీ లీజులతో (పరికరాలకు ఆటోమేటిక్‌గా ఇచ్చిన ఐపీల జాబితా) పోల్చితే ఐపీ, చాలాసార్లు పేరు కూడా దొరుకుతాయి. మ్యాక్‌లోని మొదటి 24 బిట్లు సాధారణంగా తయారీ సంస్థను చెబుతాయి. ఒకే పోర్టులో పదుల కొద్దీ మ్యాక్‌లు కనిపిస్తే వెనక ఇంకో స్విచ్ గానీ, వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు) గానీ ఉన్నట్టు.

ఐపీ ఫోన్లు, యాక్సెస్ పాయింట్ల విషయంలో ఎల్‌ఎల్‌డీపీ (పరికరాలు పక్కవాటికి తమను పరిచయం చేసుకునే ప్రోటోకాల్) ఇంకా సుఖం. ఆన్‌లో ఉంటే మామూలుగా 30 సెకన్లకోసారి అవే తమ వివరాలు చెప్పుకుంటాయి.

చిక్కల్లా మౌనంగా ఉండే పరికరాలతోనే. చాలా స్విచ్‌లలో 300 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే వాటి ఎంట్రీ చెరిగిపోతుంది. అదే సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లోని అదే భాగం) నుంచి నెమ్మదిగా ఏఆర్‌పీ స్కాన్ చేస్తే, అంటే ఒక్కో ఐపీ ఎవరిదని అడుగుతూ పోతే, మళ్లీ బయటపడతాయి. ఒక్కో పరికరంలోని టీసీపీ పోర్టులన్నీ (స్విచ్ పోర్టులు కాదు, సాఫ్ట్‌వేర్ పోర్టులు) గాలించే స్కాన్ మాత్రం వద్దంటాను. పాత ప్రింటర్లు, పీఎల్‌సీలు (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్లు) దానికే హ్యాంగ్ అయిపోవచ్చు.