గుంత పూడ్చకముందే

కడప

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అనంతపురంలో ముగ్గురు బిల్డర్ల పనుల లెక్కలను బ్లాక్‌చెయిన్‌లోకి, అంటే చాలామంది దగ్గర ఒకే నకలు ఉండి, రాసింది గుట్టుగా మార్చలేని కంప్యూటర్ లెక్కల పుస్తకంలోకి తెస్తానన్నావు. సంతోషం. నలభై ఏళ్లు కాంట్రాక్టు పనుల్లో తిరిగినవాడిగా నేను అడిగేది ఒక్కటే: మొదటి అంకె ఎవరు వేస్తారు?

ఒకసారి కర్నూలులో నల్లరేగడి నేలలో పునాదులు తీశాం. గట్టి నేల తగిలేదాకా అనుకున్నదానికన్నా లోతుకు పోవలసి వచ్చింది. బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం రాయవలసిన ఇంజనీరు ‘రేపు రాద్దాం’ అంటూనే బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినాయన డ్రాయింగులో ఉన్న లోతే రాశాడు. అప్పటికే గుంతలు పూడ్చేశాం. భూమిలోకి పోయిన కాంక్రీటు చేత సాక్ష్యం ఎలా చెప్పించను? ఆ నష్టంలో మీ అత్తయ్య గాజులు రెండు పోయాయి. ఆ మాట ఆవిడ ప్రతి ఉగాదికీ తలుస్తుంది.

ఆ రోజు నీ బ్లాక్‌చెయిన్ ఉన్నా ఆ తప్పుడు లోతునే భద్రంగా దాచేది. ప్రతి బ్లాకులోనూ, అంటే లెక్కల ప్రతి కట్టలోనూ, ముందు బ్లాకు హాష్ (అందులోని రాతల నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి గుర్తు) ఉంటుంది కనుక ఒకచోట అంకె మారిస్తే తర్వాతవన్నీ పొసగవు. దాని బలమంతా అదే. కొలతల పుస్తకానికీ ఇలాంటి నియమాలే ఉండేవి: పేజీలకు నంబర్లు వేయాలి, చెరపకూడదు, తప్పయితే కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కాకపోతే ఆ పుస్తకం ఒకరి బీరువాలో ఉండేది. నీ లెక్క నలుగురి దగ్గర ఉండాలి. నాలుగు కంప్యూటర్లూ బిల్డరు ఆఫీసులోనే పెట్టావంటే అది మళ్లీ ఆ బీరువాయే. యజమానికి ఒకటి, కాంట్రాక్టరుకు ఒకటి, కన్సల్టెంటుకు ఒకటి, నాలుగోది మేస్త్రీల తరఫున ఒకరికి. నలుగురిలో ఒకరు అబద్ధమాడినా మిగతా ముగ్గురితో లెక్క సరిగా నడిచే పద్ధతి ఉందని నువ్వే రాశావు. మేస్త్రీలను చేర్చమంటే బిల్డర్లు ముఖం చిట్లిస్తారు. అక్కడ మాత్రం తగ్గకు.

ఇక నీ శ్రమ ఎక్కువగా కొలత తీసే చోట పెట్టు. కాంక్రీటు వేయకముందు, సెంట్రింగు మీద కడ్డీలు కనబడుతున్నప్పుడే టేపు పట్టి, ఫొటో తీసి, ఇరుపక్షాలూ సంతకం చేయాలి. ఫొటోలు విడిగా దాచి, వాటి హాష్ మాత్రం ఎక్కించు. కూలీల ఆధార్ నంబర్లు అసలే వద్దు, ఎక్కించాక తీసేయలేవు.

స్మార్ట్ కాంట్రాక్టుతో, అంటే షరతు తీరగానే తనే నడిచే ప్రోగ్రాముతో, బిల్లు దానంతటదే చెల్లేలా చేస్తానన్నావు. ముందు చిన్నవాటితో ప్రయత్నించు. పరీక్షకు పోసిన కాంక్రీటు క్యూబుల బలం పూర్తిగా తేలడానికి 28 రోజులు పడుతుంది. అన్నాళ్లు మేస్త్రీ బిల్లు ఆపితే శనివారం సాయంత్రం కూలీలు అతని ఇంటి ముందు నిలబడతారు. ఆ ఫలితానికి ముడిపెట్టవలసింది కాంట్రాక్టరు రిటెన్షన్ సొమ్మును, అంటే పని బాగుందని తేలేదాకా బిల్లులో పట్టి ఉంచే భాగాన్ని. అలాగే, ఈ లెక్కకు కట్టుబడతామని మామూలు ఒప్పంద పత్రంలోనూ రాయించు. తగాదా వస్తే వకీలు ముందు అడిగేది ఆ కాగితాన్నే.

ఆదివారం బయల్దేరి రా. మా వీధి చివర ఒక ఇల్లు లేస్తోంది. అక్కడి మేస్త్రీ ఐదో తరగతి దాకా చదివాడు. నీ ఫోను అతని చేతికిచ్చి ఒక కొలత ఎక్కించమందాం. నేను నోరు మూసుకుని పక్కన కూర్చుంటాను. నువ్వూ అలాగే కూర్చోవాలి.

ఇట్లు,
మామయ్య