సూది పట్టుకోనివ్వండి, కానీ ముందు డిగ్రీ ఏది?

"మావాడు ఇంటర్ బైపీసీ పూర్తి చేశాడు, నీట్‌లో ఎంబీబీఎస్ సీటొచ్చే ర్యాంకు లేదు. నా మెడనొప్పి ఆక్యుపంక్చర్‌తో, అదే సూదులు గుచ్చి చేసే వైద్యంతో తగ్గడం చూసి అదే నేర్చుకుంటానంటున్నాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు చైనాలో ఐదేళ్ల చైనీస్ మెడిసిన్ అంటున్నారు, ఇంకొకరు ఇక్కడే ఏడాది డిప్లొమా చేసి డాక్టర్ అని బోర్డు పెట్టుకోవచ్చంటున్నారు. ఏది మంచిది?" అని ఖమ్మం నుంచి ఒక తల్లి అడిగారు.

అమ్మా, ఆ డిప్లొమా సంగతి మర్చిపోండి. ఆక్యుపంక్చర్‌ని కేంద్రం 2003లో చికిత్సా పద్ధతిగా, 2019లో స్వతంత్ర విధానంగా గుర్తించిన మాట నిజమే, వాళ్లు మీకు చూపించే జిరాక్స్ కాగితం కూడా బహుశా అదే. కానీ వైద్యాన్ని గుర్తించడం వేరు, వాళ్లిచ్చే సర్టిఫికెట్‌ని గుర్తించడం వేరు. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్రల్లో దీనికంటూ చట్టాలున్నాయి, మన దగ్గర లేవు. "ఈ డిప్లొమాతో మావాడి పేరు ఏ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవుతుంది?" అని అడగండి, ఫోన్లో చెబితే ఒప్పుకోకండి, కాగితం మీద రాసివ్వమనండి.

చైనా చదువు మాత్రం ఉత్తుత్తిది కాదు. బీజింగ్, షాంఘై, చెంగ్డూల్లో చైనీస్ వైద్యానికే ప్రత్యేకంగా 1956 నుంచి పెద్ద సంస్థలున్నాయి. అయితే ఎక్కువగా చైనీస్ భాషలోనే చెబుతారు, పైగా తిరిగొచ్చాక అది ఎంబీబీఎస్‌తో సమానం కాదు, విదేశాల్లో ఎంబీబీఎస్ చదివొచ్చినవాళ్లు ఇక్కడ రాసే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష రాసి డాక్టర్ కావడం కుదరదు. అడ్మిషన్ లెటర్‌లో 'క్లినికల్ మెడిసిన్' (అంటే ఎంబీబీఎస్ లాంటి చదువు) అని ఉందో 'ట్రెడిషనల్ చైనీస్ మెడిసిన్' అని ఉందో చూసుకోకుండా రూపాయి కూడా కట్టొద్దు, బ్రోచర్లో రెండూ 'మెడికల్ డిగ్రీ'గానే కనిపిస్తాయి.

సూది మీదే ఇష్టమైతే నా ఓటు బీఎన్‌వైఎస్ అనే ప్రకృతి వైద్య డిగ్రీకి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ప్రకృతి వైద్యం, యోగాతో పాటు ఆక్యుపంక్చర్ కూడా అందులో ఉంటుంది. హైదరాబాద్‌లో గాంధీ నేచురోపతిక్ మెడికల్ కాలేజీ ఉంది, అడ్మిషన్ ఎలాగో ఈ ఏడాది కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో చూడండి.

సూదికి అన్నేళ్లెందుకు అంటారేమో. మీ మెడనొప్పికి మెడకీ భుజం చివరకీ మధ్యలో ఒక సూది పెట్టే ఉంటారు, ఆ పాయింట్‌ని జియాన్‌జింగ్ అంటారు. సరిగ్గా దాని కిందే ఊపిరితిత్తి పైకొస ఉంటుంది. సన్నగా ఉన్న మనిషికి అక్కడ సూది నిటారుగా కాస్త లోతుకు దిగితే చాలు, ఊపిరితిత్తికి చిల్లు పడి ఆయాసంతో ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిందే. చార్టులో చుక్కలు బట్టీ పట్టినవాడికి ఆ లోతు తెలియదు, అనాటమీ చదివినవాడికి తెలుస్తుంది. అన్నట్టు, కొన్నిరకాల నొప్పులకు, వాంతులకు ఇది పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి కానీ షుగర్ పూర్తిగా పోగొడతామనే బోర్డుల కింద మాత్రం మీవాడిని ట్రైనింగ్‌కి కూర్చోబెట్టకండి.

వాడి మనసు మూలికల మీదుంటే దారి వేరు, బీఫార్మసీ, తర్వాత ఎంఫార్మసీలో ఫార్మకాగ్నసీ, అంటే మూలికల నుంచి వచ్చే మందుల చదువు. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కి 2015లో నోబెల్ అందుకున్న టూ యూయూ చదివింది ఫార్మసీయే. పాత చైనా గ్రంథంలో ఆ మూలికను నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉండటం చూసి, మరగబెడితే గుణం పోతోందేమోనని ఆవిడ తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. మూలిక మారితే ఏమవుతుందో కూడా తెలియాలి కదా, 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గించే మాత్రల్లో 'ఫాంగ్జీ' బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలిసి చాలామంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి. అలాంటి తేడాని ల్యాబ్‌లో పట్టేవాళ్ల అవసరం ఆయుర్వేద కంపెనీల్లోనూ ఉంది. బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, ఔషధ మొక్కల మీదే వాళ్ల పని.

బీఫార్మసీ సీటుకు కావాల్సిన ఎప్‌సెట్ ర్యాంకు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే బైపీసీ కౌన్సెలింగ్ తేదీలు ఈ రోజే చూసుకోండి.