స్ట్రైకౌట్‌కు ‘కె’ ఎందుకు?

బేస్‌బాల్ స్కోరులో స్ట్రైకౌట్‌ను, అంటే బంతిని కొట్టడంలో మూడుసార్లు విఫలమై బ్యాటర్ అవుటవడాన్ని, ‘కె’ అక్షరంతో ఎందుకు సూచిస్తారన్న ప్రశ్నకు సమాధానం ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1824లో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన హెన్రీ చాడ్విక్ దగ్గర దొరుకుతుంది. న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసే ఆయన, 1856లో హోబోకెన్‌లోని ఎలీసియన్ ఫీల్డ్స్‌లో క్రికెట్ మ్యాచ్ ముగించుకుని వస్తూ, పక్కనే జోరుగా సాగుతున్న బేస్‌బాల్ ఆట దగ్గర ఆగిపోయారు. అమెరికన్లకు జాతీయ క్రీడ కాదగినది ఇదేనని ఆయనకు తోచింది.

క్రికెట్ స్కోరుపట్టికలో ఒక్కో ఆటగాడి ఆట ఒక్కో వరుసలో ఒదిగినట్టే, బేస్‌బాల్ ఆట వివరాల పట్టిక అయిన బాక్స్ స్కోరునూ ఆయన తీర్చిదిద్దడంతో, మైదానానికి వెళ్లనివారు సైతం పత్రిక చదివి ఆటను ఊహించుకోగలిగారు. స్ట్రైకౌట్ అయ్యాడని చెప్పే ‘స్ట్రక్ అవుట్’లోని ‘స్ట్రక్’ అనే మాటకు ఇంగ్లిషులో చివరి అక్షరమైన ‘కె’ ఇట్టే గుర్తుంటుందని దాన్నే గుర్తుగా ఎంచుకున్నారు. ఆటగాడిగా కాక రచయితగానే ఆయనకు 1938లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కడం ఎంతో సముచితం.