షాపు అరుగు మీద పెద్దాయన, ఆయన పేరున పోగైన డబ్బు

సందేహం: లాయర్ గారికి నమస్కారం. నెల్లూరు ట్రంక్ రోడ్డుకు దగ్గర్లో మాకు బట్టల షాపు ఉంది. ఏడాదిగా ఒక పెద్దాయన రాత్రిళ్ళు మా అరుగు మీద పడుకుంటున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. పగలు గుడి దగ్గరో, ఆత్మకూరు బస్టాండు దగ్గరో అడుక్కుంటాడు. మేం షట్టర్ తీసే టైముకి పట్టా చుట్టుకుని వెళ్ళిపోతాడు. కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారని పక్క షాపులవాళ్ళు గొడవ. ఆటో ఎక్కించి జొన్నవాడ గుడి దగ్గర దింపి వద్దామంటున్నారు. ఇది ఒకటి.

రెండోది, ఆయన కాలు వాచి చీము పట్టినప్పుడు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, ఆస్పత్రి ఖర్చుకి సాయం చేయమని నా ఫోన్‌పే నంబరిచ్చాను. ఖర్చులు పోను 38,000 రూపాయలు నా దగ్గరే ఉన్నాయి. ఆ ఫొటో చూసి కావలి నుంచి కొడుకొచ్చాడు. తండ్రిని తీసుకెళ్తానని మాత్రం అనలేదు. డబ్బిమ్మంటున్నాడు, లేకపోతే కేసు పెడతానంటున్నాడు. ఇల్లు వాడి పేరున రాశాక తనను బయటికి నెట్టాడని పెద్దాయన అంటాడు. పైగా ఆంధ్రాలో బిచ్చమే బంద్, వేసినవాళ్ళకీ జైలు అని మెసేజ్‌లు తిరుగుతున్నాయి. టెన్షన్‌గా ఉంది. నేనేం చేయాలి?
(బట్టల షాపు యజమాని, నెల్లూరు. పేరు వద్దన్నారు.)

సమాధానం: మీరు రాసినదాంట్లో పక్క షాపులవాళ్ళకు ఏం కావాలో ఉంది, కొడుక్కి ఏం కావాలో ఉంది, కస్టమర్ల ముచ్చట కూడా ఉంది. పెద్దాయనకు ఏం కావాలో మాత్రం లేదు. ఆయన్ని ఎవరైనా అడిగారా? మర్యాద కోసం అడగడం లేదు. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ మాట మీదే ఆధారపడి ఉంది కాబట్టి అడుగుతున్నాను.

ముందు డబ్బు సంగతి చూద్దాం. మీరు నిజంగా ఇరుక్కునే అవకాశం ఉన్నది అక్కడే.

ఆ 38,000 మీ ఖాతాలో ఉన్నా మీ డబ్బు కాదు. అలాగని కొడుకు డబ్బూ కాదు. ఫలానా మనిషి కోసమని నలుగురి దగ్గర తీసుకున్న డబ్బుకు మీరు ధర్మకర్త. రిజిస్ట్రేషన్, రబ్బరు స్టాంపు లేకపోయినా అంతే. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం ప్రకారం ఎవరి కోసం, దేనికోసం, ఏ సొమ్ము అన్నది స్పష్టంగా ఉండి, ఆ సొమ్ము ధర్మకర్త చేతికి వస్తే ట్రస్టు ఏర్పడినట్టే. చరాస్తికి దస్తావేజు కూడా అక్కర్లేదు. మీ వాట్సాప్ మెసేజే మీ దస్తావేజు. దాన్ని డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఆ చట్టమే లెక్కలు రాయమంటుంది, ఆ సొమ్మును సొంతానికి వాడుకోవద్దంటుంది. సరుకు బిల్లుకి ఒక వారం సర్దుకుని మళ్ళీ వేసేద్దామని ఎప్పుడూ అనుకోకండి. అలా వాడితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 316 సెక్షన్ కింద నమ్మక ద్రోహం అని కేసు పెట్టడానికి వీలవుతుంది. మంచి పని చేయబోయి పోలీసు స్టేషన్ మెట్లెక్కినవాళ్ళలో ఎక్కువమంది దొంగలు కారు, లెక్క రాయనివాళ్ళు. మీ ఫోన్‌పేకి లింకైంది షాపు కరెంటు ఖాతానే అయితే ఈ డబ్బును ఇవాళే వేరే ఖాతాలోకి మార్చండి. లేకపోతే రేపు ఇన్‌కంట్యాక్స్ వాళ్ళు అడిగినప్పుడు అమ్మకాలేవో, విరాళాలేవో విడదీసి చెప్పలేరు.

ఇందులో ఒక మెలిక ఉంది. మీరడిగింది ఆస్పత్రి ఖర్చుకి. కాలు నయమైంది, డబ్బు మిగిలింది. ఇచ్చినవాళ్ళు మిగిలింది తిరిగిమ్మంటే? వాదనకు నిలబడే ప్రశ్నే. అందుకని అదే గ్రూపులో ఖర్చుల లెక్క, బిల్లుల ఫొటోలు పెట్టి, ‘మిగిలిన సొమ్ము పెద్దాయన మందులకు, తిండికి వాడదలిచాం, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెబితే వాళ్ళ భాగం తిరిగి పంపుతాం’ అని రాయండి. వంద, రెండొందలు వేసినవాళ్ళెవరూ వెనక్కి అడగరు. కానీ ఆ మెసేజ్ మీ చేతిలో ఉండాలి.

ఇక కొడుకు. తండ్రి బతికి ఉండగా తండ్రి కోసం పోగైన సొమ్ము మీద కొడుక్కి ఏ హక్కూ లేదు. అడగగలిగినవాడు పెద్దాయన ఒక్కడే. ట్రస్టులో లబ్ధిదారు ఒక్కడే అయి, ఒప్పందం చేసుకోగల తెలివిడి ఉన్నవాడైతే, ఆ సొమ్ము తనకే ఇచ్చేయమని అడిగే హక్కు ట్రస్ట్స్ చట్టం 56 సెక్షన్ ఇస్తోంది. ‘ఆయన చేతికిస్తే తాగేస్తాడు, ఎవరో లాక్కుంటారు’ అని మీకు అనిపించవచ్చు. జాగ్రత్తగా వాడుకోమని చెప్పండి, బ్యాంకు ఖాతా తెరిపించి అందులో వేయండి. అంతేగానీ ఇవ్వను అని మీరనడానికి చట్టంలో పెద్ద ఆసరా లేదు. బిచ్చమెత్తినంత మాత్రాన మనిషి మైనరైపోడు.

కొడుక్కే ఇస్తే పుచ్చుకుని పోతాడని ఆశపడకండి. అతనికి ఇచ్చినా పెద్దాయనకు మీరు బాకీ ఉన్నట్టే లెక్క. ఒక్క సందర్భంలో అతని మాట చెల్లవచ్చు. పెద్దాయన పోయాక ఇంకా డబ్బు మిగిలి ఉంటే, కొడుకు వారసుడినని వస్తాడు. హిందూ వారసత్వ చట్టం హంతకుడిని తప్పించింది గానీ తిండి పెట్టని కొడుకును తప్పించలేదు. కాబట్టి మిగిలిన సొమ్ము తన తర్వాత ఏం చేయాలో పెద్దాయన ఇష్టం కనుక్కుని ఇద్దరు సాక్షుల ముందు వీలునామాగా రాయించండి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ సాక్షుల్లో మీ షాపు మనిషి లేకుండా చూసుకోండి.

కేసు పెడతానన్న కొడుకే కేసులో ఇరుక్కునే మనిషి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పోషించాల్సినవాళ్ళు అరవై నిండిన మనిషిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే, 24 సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలో, 5,000 వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఇది. ఇది కాకుండా నెలకు 10,000 వరకు భరణం ఇప్పించే అధికారం ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కు ఉంది. కొడుకు కావలిలో ఉన్నాడని అక్కడికే పోనక్కర్లేదు. తండ్రి ఉంటున్న చోటైన నెల్లూరులోనే వేయవచ్చు. పెద్దాయనకు ఓపిక లేకపోతే ఆయన అధికారమిస్తే మీరే దరఖాస్తు పెట్టవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా విచారణ చేపట్టవచ్చు.

ఇల్లు రాసిచ్చిన కాగితం దొరికితే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. దాన సెటిల్‌మెంటు దస్తావేజు అయ్యుంటుంది. అది ఈ చట్టం అమల్లోకి వచ్చాక రాసిందే అయి, ‘నన్ను చూసుకోవాలి’ అనే షరతు మీద ఇచ్చిందైతే, చూసుకోని కొడుకు నుంచి ఇల్లు వెనక్కి తీసుకోవడానికి 23 సెక్షన్ దారి చూపిస్తుంది. షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టం వృద్ధుల మేలుకు వచ్చింది కాబట్టి ఉదారంగా చదవాలంది. కాబట్టి కాగితం చూడకుండా ఏ లాయరైనా గ్యారంటీగా గెలుస్తామంటే నమ్మకండి. రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించండి. అయితే పెద్దాయన ఇవన్నీ వద్దంటే వదిలేయండి. కొడుకు మీద కేసు పెట్టడానికి తండ్రులు చాలామంది ఒప్పుకోరు. అన్నం పెట్టకపోయినా వాడి పరువు పోకూడదంటారు. నాకు కోపం వస్తుంది గానీ, నిర్ణయం వాళ్ళది.

ఆటో సంగతికొస్తే, వద్దు. ‘అన్నం పెట్టిస్తాం రా పెద్దాయనా’ అని ఎక్కించి ఊరికి దూరంగా దింపి రావడం మీవాళ్ళకు ఉపాయంలా కనబడుతోంది. మనిషిని బలవంతంగా గానీ మాయమాటలతో గానీ ఒకచోటి నుంచి తరలించడాన్ని న్యాయ సంహిత 138 సెక్షన్ అపహరణ అంటుంది. ఏ ఉద్దేశంతో తరలించారన్నదాన్ని బట్టి శిక్ష ఉంటుంది. దిగనివ్వకుండా పట్టుకుంటే అక్రమ నిర్బంధం. ఒక దెబ్బ వేస్తే అదింకో సెక్షన్. ఆ పుండు కాలితో ఎండలో వదిలిపెట్టాక ఆయన ప్రాణం పోతే, నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారని ఐదేళ్ళ వరకు జైలున్న 106 సెక్షన్ దాకా పోతుంది. ఆటో నంబరు మీ బజారు సీసీ కెమెరాల్లోనే ఉంటుంది.

మరి అరుగు మీదిది? అది మీ రిజిస్ట్రేషన్ కొలతల్లో ఉందా, మున్సిపాలిటీ కాలువ మీద ఉందా, ముందు అది చూసుకోండి. కాలువ మీదిదైతే ఆక్రమణ గురించి మనం ఎక్కువ మాట్లాడకపోవడం మంచిది. మీ స్థలమే అయితే పడుకోవద్దని చెప్పే హక్కు మీకు నిశ్చయంగా ఉంది. కానీ రాత్రి పడుకుని తెల్లారే పట్టా చుట్టుకుని పోయే మనిషి నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో రాలేదు. ఆ ఉద్దేశం లేనిదే క్రిమినల్ అతిక్రమణ కాదు. ఆయనకు ఇష్టమైతే పట్టణ నిరాశ్రయుల వసతి గృహం ఉంది. మున్సిపల్ కార్పొరేషన్‌లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్ళను అడగండి. మీరే ఒకసారి వెంట తీసుకెళ్ళి చూపించండి, నచ్చితే ఉంటాడు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆయనకు మతి సరిగా లేదనిపిస్తే వేరు సంగతి. అప్పుడు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వాసుపత్రికి చేర్చే బాధ్యత పోలీసులది. లాకప్‌లో పెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఇప్పుడు ఆ మెసేజ్‌లు. ఆంధ్రప్రదేశ్‌లో భిక్షాటన నిరోధక చట్టం కొత్తగా పుట్టలేదు, 1977 నుంచీ ఉంది. 2025లో సవరణ వచ్చింది. కుష్ఠు వ్యాధి, మానసిక వ్యాధి ఉన్నవాళ్ళను కించపరిచే పాత మాటలను అందులో మార్చారు. అది చూసి ‘బిచ్చం బంద్’ అని ఊదరగొట్టారు. ఆ చట్టం గురి అడుక్కునేవాళ్ళ మీద, వాళ్ళను పెట్టి దండుకునేవాళ్ళ మీద. పది రూపాయలు వేసినవాళ్ళ మీద కాదు. ఇండోర్‌లో 2025 జనవరి నుంచి బిచ్చం వేసినవాళ్ళ మీదా కేసులు పెట్టిన మాట నిజం. అక్కడ కలెక్టర్ ప్రత్యేకంగా నిషేధం ప్రకటించారు. దాన్ని ధిక్కరించినందుకు కేసు. 2017లో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు ముందర పోలీసు కమిషనర్ రెండు నెలల పాటు భిక్షాటన నిషేధించింది కూడా అలాంటి ఉత్తర్వుతోనే. మన జిల్లాలో అలాంటిది ఇస్తే అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు, వాట్సాప్‌లో గుసగుసగా రాదు.

బిచ్చమెత్తడమే నేరం అనే ఆలోచన మీద కోర్టులకే అనుమానం ఉంది. ఢిల్లీకి వర్తించే బొంబాయి భిక్షాటన నిరోధక చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. బిచ్చగాళ్ళను వీధుల నుంచి తీసేయమని 2021లో ఒకరు వెళితే, పేదరికం వల్లే అడుక్కుంటారు, ఉన్నవాళ్ళ దృష్టితో చూడలేమని సుప్రీంకోర్టు అంది. మన చట్టాన్ని ఏ కోర్టూ కొట్టేయలేదు, కాబట్టి పోలీసులు తలుచుకుంటే వాడగలరు. ఆ భయంతోనే చెబుతున్నాను, షాపుల అసోసియేషన్ వాళ్ళు ఆయన మీద ఫిర్యాదు రాస్తే మీరు సంతకం పెట్టకండి. నెల్లూరు మనుషుల చేయి పెద్దదే. రొట్టెల పండక్కి దర్గా దగ్గర, శనివారం గుడి మెట్ల మీద వరసలో కూర్చున్నవాళ్ళకు చిల్లర మార్పించుకుని మరీ వేస్తారు. అదే మనిషి తమ షాపు ముందు కనబడితే న్యూసెన్స్ అంటారు. చట్టానికి ఈ తేడా తెలియదు.

పిల్లల్ని ఎత్తుకుని అడుక్కునేవాళ్ళ గురించి మీరు అడగలేదు గానీ ఒక్క మాట. పిల్లలతో బిచ్చమెత్తించడం గట్టి నేరం. అక్కడ డబ్బు వేయకుండా 1098కి ఫోన్ చేయండి.

ఆ ఫొటో మాత్రం గ్రూపుల్లోంచి తీసేయించే ప్రయత్నం చేయండి. ముఖం, పుండు కనబడేలా పెట్టేముందు ఆయన్ని అడిగి ఉండాల్సింది. గోప్యత అందరికీ ఉన్న ప్రాథమిక హక్కని 2017లోనే సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు చెప్పారు. దానికోసం ఆ పెద్దాయన మీ మీద కేసు పెడతాడని కాదు.

ఈ వారంలో చేయాల్సింది, ఆధార్ ఉందో లేదో కనుక్కుని బ్యాంకు ఖాతా తెరిపించడం. రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఆయన పేరు ఆ జాబితాలో లేదంటే కాగితాలు లేకనే అయ్యుంటుంది. సచివాలయానికి తీసుకెళ్ళి అడగండి. కావలిలో ఆయన పేరున పింఛను ఇంకా వస్తూ ఉంటే, ఎవరు తీసుకుంటున్నారో కూడా అక్కడే బయటపడుతుంది.

కొడుకు మళ్ళీ ఫోన్ చేస్తే వాదన పెట్టుకోకండి. ఏ హక్కుతో అడుగుతున్నాడో కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపమనండి. దాని నకలు ఆర్డీవో ఆఫీసుకూ ఇస్తానని చెప్పండి.