బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయంటున్నారు, బాబును పంపాలా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. మా బాబు బీటెక్ మెకానికల్ ఫైనల్ ఇయర్. బండ్లంటే చిన్నప్పటి నుంచి ప్రాణం. బ్రిటన్‌లో ఆటోమొబైల్‌కు సంబంధించిన ఎంఎస్సీ చేస్తానంటున్నాడు. అన్నీ కలిపి 28 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఎకరం అమ్మి, మిగతాది లోన్ తీసుకుందామనుకున్నాం. దుబాయ్‌లో ఉండే మా బామ్మర్ది మాత్రం ‘యూరప్ నుంచి విడిపోయాక బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి, పంపొద్దు’ అంటున్నాడు. కన్సల్టెన్సీ వాళ్లేమో ‘యూరప్ వాళ్లంతా వెళ్లిపోయారు, ఇక ఉద్యోగాలు మనవాళ్లకే’ అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, ముందు ఒక మాట. ఎకరం గురించి ఎవరితోనైనా బేరం మాట్లాడి ఉంటే ఆపండి, బయానా తీసుకోకండి. పై చదువు ఒక ఏడాది ఆలస్యమైతే సర్దుకోవచ్చు. హైవే దగ్గర అమ్మిన ఎకరాన్ని మళ్లీ కొనడం మీవల్ల కాదు, నావల్లా కాదు.

మీ బామ్మర్ది మాటలోనూ కన్సల్టెన్సీ వాళ్ల మాటలోనూ కొంత నిజముంది. అయితే ఇద్దరూ సగమే చెప్పారు. మిగతా సగం తెలియాలంటే అక్కడ ఏం జరిగిందో కొంచెం వివరంగా చూడాలి.

2016 జూన్ 23న బ్రిటన్‌లో ఓటింగ్ జరిగింది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని 51.9 శాతం మంది ఓటేశారు. 2020 జనవరి 31న ఆ దేశం బయటికి వచ్చింది, దీన్నే బ్రెగ్జిట్ అంటారు. ఆ ఏడాది చివరి వరకు పాత పద్ధతే నడిచింది, 2021 జనవరి 1 నుంచి కొత్త ఒప్పందం మొదలైంది. ఆ ఒప్పందం ప్రకారం రెండు వైపులా తయారైన సరుకు మీద సుంకం లేదు. ‘మరి ఇబ్బంది ఎక్కడ వచ్చింది?’ అని మీరు అడగొచ్చు.

మన దగ్గర జరిగిందే గుర్తు చేసుకోండి. 2014లో తెలంగాణ వచ్చాక మిర్యాలగూడ బియ్యం లారీ వాడపల్లి వంతెన దాటితే అది వేరే రాష్ట్రానికి పోయిన సరుకు అయింది. అదే రోడ్డు, అదే డ్రైవర్, అవే బస్తాలు. కాగితాలు మాత్రం మారాయి, చెక్‌పోస్టు దగ్గర ఆగాల్సి వచ్చింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చి ఆ పన్నుల చెక్‌పోస్టులను తీసేసింది. బ్రిటన్‌లో జరిగింది దీనికి తలకిందులు. ఏళ్ల తరబడి చెక్‌పోస్టు లేని దారిలో 2021లో చెక్‌పోస్టు పెట్టుకున్నారు. సుంకం లేకపోయినా ప్రతి సరుకుకూ డిక్లరేషన్ కావాలి, అది ఎక్కడ తయారైందో రుజువు కావాలి, అవసరమైతే తనిఖీకి ఆగాలి.

బియ్యం లారీ ఒక పూట ఆలస్యమైతే కొంపలు మునగవు. కార్ల ఫ్యాక్టరీకి అలా కుదరదు. స్విండన్ అనే ఊళ్లో హోండా ఫ్యాక్టరీ ఉండేది. దానికి యూరప్ నుంచి రోజుకు 350 లారీల దాకా విడిభాగాలు వచ్చేవి. లైన్ దగ్గర గంటకు సరిపడా సరుకు మాత్రమే ఉంచుకుని బండ్లు తయారు చేసేవాళ్లు. లారీలు టైముకు రాకపోతే లైన్ ఆగుతుంది. ఆ భయంతో సరుకు నిల్వ పెట్టుకుంటే గోడౌన్ ఖర్చు, వడ్డీ మీద పడతాయి. ఆ ఫ్యాక్టరీ 2021 జులైలో మూతపడింది, సుమారు 3,500 మంది పని పోయింది. మీ బామ్మర్ది విన్నది ఇలాంటి వార్తే అయి ఉంటుంది. అయితే హోండా తాను మూసేయడానికి కారణం బ్రెగ్జిట్ కాదని, ఎలక్ట్రిక్ బండ్ల వైపు మళ్లడమని చెప్పింది. ఇంకో సంగతి, 2019 ఫిబ్రవరిలోనే జపాన్‌కూ యూరప్‌కూ మధ్య వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం జపాన్ కార్ల మీద సుంకం ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. యూరప్‌లో అమ్మడానికే బ్రిటన్‌లో ఫ్యాక్టరీ నడపాల్సిన అవసరం దాంతో తగ్గింది. కాబట్టి ఆ మూసివేతను ఒక్క కారణానికి కట్టబెట్టడం నాకు సరిగా అనిపించదు.

మీ బాబుకు అసలు సంబంధించింది ఇంకొకటి. మూతపడ్డ ఫ్యాక్టరీ వార్త పేపర్లో వస్తుంది. పెట్టాల్సి ఉండి పెట్టకుండా ఆగిపోయిన లైన్ గురించి ఎవరూ పెద్దగా రాయరు. 2016 తర్వాత కొన్నేళ్లు బ్రిటన్‌లో కంపెనీల పెట్టుబడి దాదాపు కదలకుండా ఉండిపోయింది. ఒప్పందం ఎలా ఉంటుందో తేలకముందు కొత్త మోడల్‌కు వందల కోట్లు ఎవరు పెడతారు? నిస్సాన్ తన సండర్లాండ్ ఫ్యాక్టరీలో కొత్త ఎక్స్‌ట్రెయిల్ కారు చేస్తానని చెప్పి, 2019లో ఆ ఆలోచన మానుకుంది. పాత మోడళ్లు నడిచాయి, పాత ఉద్యోగులు ఉన్నారు. ఆ మోడల్ తెచ్చే కొత్త పని మాత్రం రాలేదు.

ఫ్యాక్టరీల్లో ఫ్రెషర్‌ను తీసుకునేది ఎప్పుడో మీ ఊరి నుంచి పోలేపల్లి ఫార్మా సెజ్‌కు డ్యూటీకి వెళ్లే ఏ పిల్లవాడిని అడిగినా చెప్తాడు. కొత్త బ్లాక్ కట్టినప్పుడు తీసుకుంటారు. పాత బ్లాక్‌లో ఎవరో మానేస్తేనే ఒక సీటు ఖాళీ అవుతుంది, దానికీ అనుభవం ఉన్నవాడినే చూస్తారు. అందుకే కూటమి నుంచి బయటికి వచ్చిన దేశంలో మొదటి దెబ్బ తగిలేది అప్పుడే కాలేజీ నుంచి బయటికి వచ్చిన పిల్లలకు. బ్రిటన్‌లో 2016లో 17 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. 2022లో ఆ సంఖ్య 7.75 లక్షలకు పడిపోయింది. కరోనా, చిప్‌ల కొరత కూడా అందులో కలిసి ఉన్నాయి, మొత్తం బ్రెగ్జిట్ లెక్కలో వేయకూడదు. అయినా సగం కన్నా తక్కువకు దిగిన పరిశ్రమలో కొత్తవాడికి తలుపు ఎంత తెరుచుకుంటుందో మీరే ఊహించుకోండి.

సండర్లాండ్ గురించి ఇంకో మాట చెప్పాలి. నిస్సాన్ మీద బతికే ఆ ఊళ్లో 61 శాతం మంది బయటికి రావాలనే ఓటేశారు. తెలివి లేక వేశారని నేననుకోను. బయటి నుంచి తక్కువ కూలికి మనుషులు వస్తే తమ కూలి పెరగదని అక్కడ చాలామంది బాధ. బొంబాయి బస్సెక్కి పోయిన పాలమూరు కూలీలను అక్కడివాళ్లు ఎలా చూశారో మన పెద్దలకు తెలుసు. ఇక్కడ మనం పోయేవాళ్లం, అక్కడ వాళ్లు ఉన్న ఊరివాళ్లు, అంతే తేడా. మన దేశమూ 2019 నవంబర్‌లో ఆసియా-పసిఫిక్ దేశాల ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందంలో చేరబోమని చెప్పి బయటికి వచ్చింది. న్యూజిలాండ్ పాలపొడి వస్తే మన పాడి రైతు నిలబడలేడన్నది అప్పుడు గట్టిగా వినిపించిన కారణాల్లో ఒకటి. కూటమిలో ఉంటే ఒకరికి మేలు, బయట ఉంటే ఇంకొకరికి. ఆ ఇద్దరిలో మీ బాబు ఎవరన్నదే మనం చూసుకోవాలి.

ఇక కన్సల్టెన్సీ వాళ్ల మాట. యూరప్ వాళ్లకు బ్రిటన్‌లో స్వేచ్ఛగా వచ్చి పని చేసుకునే హక్కు 2020తో పోయిన మాట నిజం. ఆ తర్వాత మనుషుల కొరత బాగా కనిపించింది లారీ డ్రైవర్లు, కూరగాయలు తెంపేవాళ్లు, హోటళ్లు, వృద్ధుల సంరక్షణ పనుల్లో. 2021లో ట్యాంకర్ డ్రైవర్లు చాలక పెట్రోల్ బంకుల ముందు క్యూలు కట్టారు. మీ బాబు చదివే చదువుకూ ఆ ఖాళీలకూ సంబంధం లేదు. వృద్ధుల సంరక్షణ వీసా మీద మన పిల్లలు చాలామంది వెళ్లారు, 2025 జులైలో ఆ దారి కూడా విదేశాల నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు మూసేశారు.

వీసా లెక్క కూడా చూడండి. ఎంఎస్సీ తర్వాత పని వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. బాబు ఇప్పుడు మొదలుపెడితే చదువు పూర్తయ్యేసరికి ఈ కొత్త లెక్కలోకే వస్తాడు. ఆ గడువు ముగిసేలోపు, విదేశీయులను పనిలోకి తీసుకునే స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీ ఉద్యోగం ఇవ్వాలి. జీతం మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చదువు ముగించినవాళ్లకు కనీసం 33,400 పౌండ్లు ఉండాలి. ఆ ఉద్యోగానికి నిర్ణయించిన రేటు (కొత్తవాళ్లకైతే అందులో 70 శాతం) అంతకన్నా ఎక్కువైతే అదే ఇవ్వాలి. కొత్త లైన్లు తక్కువగా ఉన్న రంగంలో, అనుభవం లేని పిల్లవాడికి అంత జీతంతో స్పాన్సర్ దొరకడం కష్టం. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో గోడౌన్లలో రాత్రి డ్యూటీలు చేసి, వీసా గడువు అయిపోయి, లోన్ మిగుల్చుకుని తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల తండ్రుల ముఖాలు నేను మర్చిపోలేను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఆశ పెట్టుకోదగ్గ సంగతులూ ఉన్నాయి. ఒప్పందం తేలాక సండర్లాండ్‌కు మళ్లీ డబ్బు వచ్చింది, 2021లో ఎలక్ట్రిక్ బండ్లకూ బ్యాటరీలకూ కలిపి పెద్ద పెట్టుబడి ప్రకటించారు. సోమర్సెట్‌లో మన టాటాలే బ్యాటరీ ఫ్యాక్టరీ పెడుతున్నారు. బ్యాటరీయే ఎందుకు? ఎలక్ట్రిక్ కారు విలువలో పెద్ద వాటా బ్యాటరీదే. సుంకం లేకుండా యూరప్‌కు కారు పంపాలంటే దాని విలువలో నిర్ణీత వాటా బ్రిటన్‌లోనో యూరప్‌లోనో తయారై ఉండాలి, లేకపోతే పది శాతం సుంకం. ఈ నియమం కఠినమయ్యే గడువును 2026 చివరి దాకా పొడిగించారు. అంటే అక్కడ కొత్త లైన్ పడేది ఇంజిన్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర.

బ్యాటరీ లైన్ మీ ఇంటి పక్కనే పడుతోంది కదా అన్నా! మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా వాళ్ల లిథియం బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. బాబు మెకానికల్. బ్యాటరీ ప్యాక్ అసెంబ్లీ, దాన్ని చల్లబరిచే ఏర్పాటు, మెషిన్ల మెయింటెనెన్స్, క్వాలిటీ, ఇవన్నీ మెకానికల్ వాళ్ల పనులే. ముందు అక్కడ కానీ, బ్యాటరీకో బండ్ల విడిభాగాలకో సంబంధించిన ఇంకే ఫ్యాక్టరీలో కానీ ఏడాది అప్రెంటిస్‌గా చేరమనండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. స్టైపెండ్ తక్కువే, అయినా చేయించండి. ఆ ఏడాదిలోనే గేట్ కూడా రాయమనండి. మంచి ర్యాంక్ వస్తే ఎంటెక్‌లో నెలకు 12,400 రూపాయలు వాళ్లే ఇస్తారు, పొలం జోలికి పోవాల్సిన పనే లేదు.

పోలేపల్లి పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి, మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఫార్మసీ చదివే పిల్లలుంటే ఇది చెప్పండి. యూరప్ మందుల నియంత్రణ సంస్థ లండన్ నుంచి 2019లో ఆమ్‌స్టర్‌డామ్‌కు మారింది. ఒకప్పుడు బ్రిటన్‌లో పరీక్షించి వదిలిన మందు బ్యాచ్ యూరప్ అంతటా చెల్లేది. ఇప్పుడు యూరప్‌కు వెళ్లే బ్యాచ్‌ను యూరప్‌లోనే పరీక్షించి విడుదల చేయాలి, అనుమతులకు రెండు చోట్లా వేర్వేరుగా ఫైళ్లు పెట్టాలి. సరిహద్దు గీత గీస్తే దాని మీద కాగితం పని పుడుతుంది. రెగ్యులేటరీ అఫైర్స్, క్వాలిటీ అస్యూరెన్స్ చదివినవాళ్లకు ఆ పని ఇక్కడ కూర్చునే దొరుకుతుంది.

బాబుకు విదేశం మీదే మనసుంటే నేను అడ్డు చెప్పను. అనుభవం తర్వాత వెళ్తే లెక్క వేరు. 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాంతోపాటు, ఇక్కడి కంపెనీ పని మీద పంపే ఉద్యోగికి కొన్నేళ్లపాటు అక్కడి సామాజిక భద్రత చందా మినహాయించేలా మరో ఒప్పందమూ కుదిరింది. కంపెనీ ఖర్చుతో వెళ్లడానికి అది వీలు పెంచుతుంది. కూటమి లోపల ఉన్న జర్మనీ బాగుంటుందా అని కొందరు అడుగుతారు. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు, జర్మన్ భాష మాత్రం గట్టిగా నేర్చుకోవాలి. కూటమిలో ఉన్నంత మాత్రాన అక్కడా నిశ్చింత లేదు. 2030 నాటికి 35,000 ఉద్యోగాలు తగ్గించుకోవాలని ఫోక్స్‌వ్యాగన్ 2024 చివర్లో యూనియన్లతో ఒప్పందం చేసుకుంది.

అయినా ఈ ఏడాదే బ్రిటన్‌కు అంటారా? డిపాజిట్ కట్టకముందు యూనివర్సిటీకి బాబు చేతనే మెయిల్ రాయించండి, కన్సల్టెన్సీ ద్వారా వద్దు. కోర్సులో భాగంగా ఫ్యాక్టరీలో పని చేసే ప్లేస్‌మెంట్ ఏడాది ఉందా, పోయిన బ్యాచ్‌లో విదేశీ విద్యార్థులు ఎంతమందికి ఇదే రంగంలో స్పాన్సర్ దొరికింది, ఏయే కంపెనీలు తీసుకున్నాయి అని అడగమనండి. చెప్పిన కంపెనీల పేర్లు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని స్పాన్సర్ల జాబితాలో ఉన్నాయో లేవో మీరే చూసుకోవచ్చు.

ఆ జవాబులు రాగానే ఇద్దరూ కలిసి ఒక ఆదివారం నా దగ్గరికి రండి. ఇప్పటిదాకా మీ మాట విన్నాను, మీ బామ్మర్ది మాట విన్నాను, కన్సల్టెన్సీ వాళ్ల మాట కూడా విన్నాను. బాబు మాట ఇంకా వినలేదు.